2010 స్విఫ్ట్‌లో మూడు సద్దులు: గతుకుల్లో టకటక, పొద్దున గరగర, ఎండలో టిక్‌టిక్

ప్రశ్న: అనంతపురం_స్విఫ్ట్

బండి 2010 స్విఫ్ట్ పెట్రోల్, 1.2 కె-సిరీస్ ఇంజిన్. 1,18,000 కిలోమీటర్లు తిరిగింది. ఎక్కువ టౌన్‌లోనే, వారానికోసారి తాడిపత్రి వైపు పోతుంది. ఒకటి కాదు, మూడు సద్దులున్నాయి. కలిపి చెప్తే గందరగోళం అవుతుందని విడివిడిగా రాస్తున్నా.

మొదటిది: 20, 30 స్పీడులో చిన్న చిన్న గతుకుల మీద ముందు ఎడమవైపు నుంచి టకటక. డబ్బాలో రెండు గోలీలేసి ఊపినట్టుంటుంది. స్పీడ్ బ్రేకర్ నేరుగా, నిదానంగా దాటితే మాత్రం ఏ సద్దూ లేదు.

రెండోది: పొద్దున స్టార్ట్ చేసి రెండో గేరులో లాగుతుంటే 1,800 నుంచి 2,000 ఆర్‌పీఎం మధ్యలో సీట్ల కింద రేకు అదిరినట్టు గరగర. పది నిమిషాలు నడిచాక తగ్గిపోతుంది.

మూడోది: మధ్యాహ్నం ఎండలో నిలబెట్టిన బండి తీస్తే డాష్‌బోర్డు ఎడమ మూలలో టిక్‌టిక్. సాయంత్రం ఉండదు.

షెడ్డులో ముందు షాక్ అబ్జార్బర్లు రెండూ మార్చారు, అలైన్‌మెంట్ కూడా చేశారు. మొదటి సద్దు ఇసుమంత కూడా తగ్గలేదు. ఇప్పుడు స్టీరింగ్ ర్యాక్ (స్టీరింగ్ తిప్పితే ముందు చక్రాలను తిప్పే భాగం) మార్చాలంటున్నారు. అంత డబ్బు పెట్టే ముందు నేనే చూసుకోగలిగినవి ఏమున్నాయి? జాకీ, మామూలు పానాల సెట్టు ఉన్నాయి. యాడ నుంచి మొదలుపెట్టాలి?


జవాబు: కర్నూలు_సస్పెన్షన్

ర్యాక్ మాట ఇప్పుడే వద్దన్నా. మీరు రాసిన లక్షణాల్లోనే సగం జవాబుంది. చిన్న గతుకుల్లో వచ్చి, స్పీడ్ బ్రేకర్ నేరుగా దాటితే రాని సద్దుకు మొదట అనుమానించాల్సింది స్టెబిలైజర్ బార్ లింకు రాడ్డును.

ఎందుకో చెప్తా. స్టెబిలైజర్ బార్ అంటే ముందు చక్రాలు రెండింటినీ కలిపే స్ప్రింగు ఉక్కు కడ్డీ. దాని కొసలను షాక్ అబ్జార్బర్‌కు కట్టేది లింకు రాడ్డు. ఒక్కో లింకు రాడ్డుకు రెండు చివర్లా చిన్న బాల్ జాయింట్లుంటాయి. స్పీడ్ బ్రేకర్ నేరుగా ఎక్కితే రెండు చక్రాలూ ఒకేసారి లేస్తాయి, ఒకేసారి దిగుతాయి. బార్ తనను పట్టుకునే రబ్బరు బుష్షుల్లో తిరుగుతుందే తప్ప మెలిపడదు, అందుకని లింకు మీద బరువు పెద్దగా పడదు. గతుకుల రోడ్డు అట్ల కాదు. ఒక చక్రం లేస్తుంటే ఇంకోటి దిగుతుంటుంది. లింకును ఒక క్షణం లాగుతుంది, మరు క్షణం తోస్తుంది. బాల్ జాయింటులో అర మిల్లీమీటరు వదులున్నా ప్రతి మార్పుకూ ఒక 'టక్' వస్తుంది. గోలీల డబ్బా అన్నారు చూడండి, సరిగ్గా అదే.

ముందు పానా ముట్టకుండా ఒక పరీక్ష చేయండి. ఖాళీ వీధిలో అదే స్పీడ్ బ్రేకర్‌ను ఈసారి ఏటవాలుగా, ఎడమ చక్రం ముందు ఎక్కేటట్టు, తర్వాత కుడి చక్రం ఎక్కేటట్టు, 10 స్పీడుకు మించకుండా దాటండి. అప్పుడు టక్‌మంటే లింకు రాడ్డు, లేదా బార్‌ను పట్టుకునే డి ఆకారపు రబ్బరు బుష్షులు.

దీనికంటే ముందు చేయాల్సింది ఇంకోటుంది, చాలామంది వదిలేస్తారు. బండి మొత్తం ఖాళీ చేయండి. డిక్కీలో జాకీ, వీల్ పానా, స్టెప్నీ బోల్టు బిగువు, డిక్కీ పైన ఉండే ట్రే, గ్లవ్ బాక్సు, డోరు అరల్లో సీసాలు, వెనక సీటు బెల్టు బకిల్స్. ఇవన్నీ తీసేసి, లేదంటే గుడ్డలో చుట్టి అదే రోడ్డు మీద ఒకసారి పోండి. కారు లోపల సద్దు తిరుగుతుంది కాబట్టి వెనకది ముందునుంచి వచ్చినట్టు వినిపించడం మామూలే. అట్లే టైర్ల గాలి చూడండి. డ్రైవర్ డోరు పక్కన స్టిక్కరు మీద ఎంత రాసుందో అంతే ఉండాలి. 36, 38 దాకా కొట్టించి ఉంటే ప్రతి చిన్న వదులూ పెద్ద సద్దుగా మారుతుంది.

ఇంక లింకు రాడ్డు తీసి చూసే పద్ధతి. బండి సమతలం మీద పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి, వెనక చక్రాలకు ముందూ వెనకా అడ్డం పెట్టండి. చక్రం నట్లు నేలమీద ఉండగానే కొద్దిగా వదులు చేయండి. తర్వాత జాకీతో లేపి స్టాండు పెట్టండి. స్టాండు లేకపోతే పని మొదలుపెట్టొద్దు. మన వైపు ఇంట్లో పడి ఉన్న కడప బండ ముక్కలు ఒకదాని మీద ఒకటి పేర్చి బండిని నిలబెడతారు, అది ప్రాణాలతో పందెం. ఆ రాయి పొరలు పొరలుగా ఉంటుంది. పక్కనుంచి బరువు పడితే చెప్పకుండా పొర ఊడి జారుతుంది. ఇటుక కూడా అంతే. విప్పిన చక్రాన్ని అదనపు జాగ్రత్తగా బండి డోరు గుమ్మం కింద పడుకోబెట్టండి.

చక్రం తీశాక షాక్ అబ్జార్బర్ పక్కన నిలువుగా కనిపించేదే లింకు రాడ్డు. బాల్ జాయింట్ల మీది రబ్బరు టోపీలు చిరిగాయా, గ్రీజు బయటికొచ్చి దానికి ఎర్రమట్టి అంటుకుందా చూడండి. టోపీ చిరిగితే లోపల ఇసుక చేరి బాల్ అరిగిపోయి ఉంటుంది, ఇంక వేరే రుజువు అక్కర్లేదు. టోపీ బాగున్నా జాయింటు పోయి ఉండొచ్చు. చేత్తో పట్టుకుని ఊపితే తెలియదు. ఒక చక్రం లేచి ఇంకోటి నేల మీద ఉంటే బార్ మెలిపడి లింకును బిగబట్టి ఉంచుతుంది, వదులు బయటపడదు. అందుకే ముందు రెండు చక్రాలూ లేపి, రెండు స్టాండ్లు పెట్టి చూడాలి.

నట్టు విప్పేటప్పుడు బాల్ కాడ నట్టుతోపాటే తిరుగుతుంది. కాడ కొసలో అలెన్ కీ పట్టే గుంటో, వెనక పానా పట్టే చదునో ఉంటుంది. ఒక చేత్తో దాన్ని ఆపి ఇంకో చేత్తో నట్టు తిప్పండి. కంపెనీని బట్టి నట్టు సైజు మారుతుంది కాబట్టి 14 నుంచి 17 వరకు పానాలు దగ్గర పెట్టుకోండి. తుప్పు పట్టి ఉంటే ముందురోజు రాత్రే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి వదిలేయండి. అలెన్ కీ గుంట అరిగిపోతే నట్టును హ్యాక్‌సా బ్లేడుతో కోయాల్సిందే, తొందరపడొద్దు.

రెండు వైపులా లింకులు తీసేసి, బార్ కొసలు దేనికీ తగలకుండా చూసుకుని, వీధిలో 20 స్పీడులో అరకిలోమీటరు పోయి రండి. సద్దు పూర్తిగా పోతే దొంగ దొరికినట్టే. లింకులు లేకుండా బండి మలుపుల్లో ఎక్కువ వాలుతుంది. కాబట్టి ఈ పరీక్ష వీధి వరకే, 44వ నంబరు హైవే ఎక్కొద్దు.

ఇంకో మాట. షాక్ అబ్జార్బర్ మార్చాలంటే లింకు పై నట్టు విప్పక తప్పదు. అంటే మీ షెడ్డులో ఆ నట్టు తీసి మళ్లీ బిగించారు. గాలితో నడిచే గన్‌తో విప్పితే కాడ గిర్రున తిరిగి టోపీ మెలిపడి చిరుగుతుంది. సద్దు అంతకు ముందే ఉంది కాబట్టి వాళ్ల తప్పు అనలేం గానీ, ఇంత దగ్గరికి చెయ్యి పెట్టినప్పుడు లింకును ఒకసారి చూసి ఉండాల్సింది.

లింకులు తీసినా సద్దు మారకపోతే వరస ఇది. బానెట్ తెరిచి, ఒకరు బండి ముందు మూలను కిందికి నొక్కి వదులుతుంటే ఇంకొకరు షాక్ అబ్జార్బర్ పై నట్టు మీద వేళ్లు పెట్టాలి. టక్ అనేది వేలికి తగిలితే షాక్ అబ్జార్బర్‌ను పైన బాడీకి పట్టే మౌంటు, లేదా దాని మధ్య నట్టు వదులు. ఇంజిన్ స్టార్ట్ చేసి నిలబడ్డచోటే స్టీరింగ్ ఆ కొస నుంచి ఈ కొసకు తిప్పించండి. స్ప్రింగు 'టంగ్' మని ఎగిరితే మౌంటు కింద బేరింగు పట్టేసింది. షాక్ అబ్జార్బర్లు కొత్తవి వేసి మౌంటు, బేరింగు పాతవే పెట్టడం చాలా చోట్ల చూస్తాం. అదే పని మళ్లీ విప్పి చేయాల్సి వస్తుంది.

తర్వాత లోయర్ ఆర్మ్, అంటే చక్రాన్ని కింది నుంచి బండికి కలిపే ఇనుప చెయ్యి. చక్రం గాల్లో ఉండగా గడియారంలో 12, 6 ఉండేచోట రెండు చేతులతో పట్టి ఊపండి. వదులుంటే బాల్ జాయింటు లేదా వీల్ బేరింగు. ఒకరు బ్రేకు తొక్కి పట్టుకుంటే వదులు పోయిందంటే బేరింగు, పోలేదంటే బాల్ జాయింటు. 3, 9 దగ్గర పట్టి ఊపితే కదిలేది టై రాడ్ ఎండు, అంటే ర్యాక్ నుంచి చక్రానికి వచ్చే కడ్డీ చివరి జాయింటు. ఆర్మ్ వెనక బుష్షుకు పొడవాటి కడ్డీ దూర్చి మెల్లగా ఎత్తితే రబ్బరు ఇనుము నుంచి విడిపోయిందేమో కనిపిస్తుంది.

ర్యాక్ ఎప్పుడు అనుమానించాలంటే, బండి నేల మీద నిలబడి ఉండగా, ఇంజిన్ ఆపి, స్టీరింగ్‌ను రెండు అంగుళాలు అటూ ఇటూ చకచకా కదిపితే టకటకమంటే. అప్పుడు కూడా పెడల్స్ పైన స్టీరింగ్ షాఫ్టు జాయింటు మీద చెయ్యి పెట్టి చూడండి. తరచుగా అదే ఉంటుంది, ర్యాక్ కాదు.


జవాబు: కడప_పాతబండ్లు

సస్పెన్షన్ గురించి పైన అంతా చెప్పేశారు. ఒక్కటి కలుపుతా. టకటక వస్తున్నప్పుడు బ్రేకు పెడల్ మీద కాలు ఊరికే ఆనించండి, బండి ఆగేంత కాదు. సద్దు అక్కడికక్కడే ఆగిపోతే అది లింకు కాదు, బ్రేక్ ప్యాడ్లు. ప్యాడ్లు మార్చినప్పుడు వాటిని బిగబట్టే సన్నటి స్టీలు క్లిప్పులు పారేసి ఉంటారు, లేదంటే ప్యాడ్లను డిస్కు మీదికి నొక్కే కాలిపర్ పిన్నులు అరిగి ఉంటాయి. పిన్నులకు మామూలు చాసిస్ గ్రీజు పూయొద్దు. అది రబ్బరు టోపీలను ఉబ్బించి పిన్నును పట్టేస్తుంది. బ్రేకుల కోసం చేసిన సిలికాన్ గ్రీజే, అదీ పల్చగా.

ఇంక మీ రెండో సద్దు. చలి బండిలో, ఒకే ఆర్‌పీఎం దగ్గర, రేకు అదిరినట్టు, వేడెక్కాక మాయం. ఇది సైలెన్సర్ పైపు మీద ఉండే హీట్ షీల్డు. పైపు వేడి బండి అడుగుకు తగలకుండా కట్టిన పల్చటి రేకు అది. బోల్టు చుట్టూ రేకు తుప్పు పట్టి రంధ్రం పెద్దదవుతుంది, అప్పుడు రేకు పైపు మీద కొట్టుకుంటుంది. ప్రతి రేకుకూ తనదైన ఒక అదురు ఉంటుంది. ఇంజిన్ అదురు దానితో కలిసిన ఆర్‌పీఎం దగ్గరే గరగరమంటుంది, దాటగానే ఊరుకుంటుంది. వేడికి లోహం సాగి సందు మూసుకుంటుంది, అందుకే పది నిమిషాల్లో పోతుంది. పోయింది కదా అని వదిలేస్తే రేకు ఒకరోజు ఊడి రోడ్డు మీద ఈడ్చుకుంటూ వస్తుంది.

వెతికే పద్ధతి చాలా తేలిక. రాత్రంతా నిలబెట్టిన బండి కిందికి పొద్దున్నే, స్టార్ట్ చేయకముందే చూడండి. చేతికి మందపాటి గ్లవ్ వేసుకుని సైలెన్సర్ పైపును ముందు నుంచి వెనక దాకా పిడికిలితో తడుతూ పోండి. ఎక్కడ 'జర్ర్' మంటే అక్కడ రేకును వేలితో నొక్కిపట్టి మళ్లీ తట్టండి. ఆగిపోతే చోటు దొరికినట్టే. వేడి పైపు జోలికి మాత్రం పోవద్దు, బండి ఆపాక చాలాసేపు చర్మం కాలేంత వేడి ఉంటుంది.

బాగుచేయడానికి వెల్డింగ్ అక్కర్లేదు. పల్చటి తుప్పు రేకుకు వెల్డింగ్ పెడితే పక్కనే ఇంకో రంధ్రం పడుతుంది. రేకునూ పైపునూ కలిపి చుట్టేటట్టు స్టెయిన్‌లెస్ హోస్ క్లాంపు వేయండి చాలు. సైజు కోసం నూలు దారం తీసుకుని పైపు, రేకు రెండింటి చుట్టూ చుట్టి గుర్తు పెట్టండి. ఆ పొడవును 3.14తో భాగిస్తే వ్యాసం వస్తుంది. దారం 25 సెంటీమీటర్లు వస్తే వ్యాసం 8 సెంటీమీటర్లకు కొంచెం తక్కువ, అంటే 70 నుంచి 90 మిల్లీమీటర్ల క్లాంపు సరిపోతుంది. బోరు పైపుల సామాన్లమ్మే కొట్లో దొరుకుతుంది. మామూలు ఇనుప క్లాంపు ఒక వానాకాలం తిరక్కుండానే తుప్పు పడుతుంది. స్క్రూ తల నేల వైపు కాకుండా పక్కకు ఉండేటట్టు తిప్పి బిగించండి, లేకపోతే గతుకుల్లో రాయి తగిలి వంగిపోతుంది. రేకు అణిగిపోయేంత బిగించొద్దు, కదలకుండా ఉంటే చాలు. రేకును మొత్తం పీకేయమని చెప్పేవాళ్లుంటారు. ఆ మాట వినొద్దు. ఎండిన గడ్డి మీద బండి నిలబెడితే నిప్పు అంటుకోకుండా కాపాడేది ఆ రేకే.

రేకు గట్టిగా ఉండి, పొగను శుభ్రం చేసే కెటలిటిక్ కన్వర్టర్‌ను తడితే లోపల గలగలమంటే అది వేరే సంగతి. లోపలి పింగాణీ తేనెతుట్టె పగిలింది. ముక్కలు అడ్డం పడితే బండి లాగదు. దానికి క్లాంపు మందు కాదు.

సైలెన్సర్‌ను వేలాడదీసే రబ్బర్లు కూడా చూడండి. సైలెన్సర్‌ను చేత్తో పక్కలకు ఊపితే బండి అడుగుకో, వెనక బీముకో తగిలితే రబ్బరు సాగిపోయినట్టు. తగిలిన చోట తుప్పు పోయి ఇనుము మెరుస్తుంటుంది. ఆ మెరుపు ఏ సద్దుకైనా మంచి సాక్ష్యం. టార్చి పట్టుకుని బండి కింద మెరిసే గీతలు వెతకండి.

ఇంజిన్ మీద కూడా ఒక చెవి వేయండి. కె-సిరీస్‌కు టైమింగ్ బెల్టు కాదు, చైను. పొద్దున స్టార్ట్ చేయగానే రెండు క్షణాలు గరగరమని ఊరుకుంటే చైను టెన్షనర్‌కు ఆయిల్ అందడం ఆలస్యమవుతోంది. ముందు డిప్‌స్టిక్కు చూసుకోండి, ఆయిల్, ఫిల్టరు మార్చి చూడండి. మీరు రాసింది నడుస్తుండగా, సీట్ల కింద కాబట్టి అది కాదనే నా నమ్మకం.


జవాబు: గుంతకల్లు_డ్రైవింగ్

చిన్నవే, కానీ ముందు చూడాల్సినవి. చక్రం పైన ఉండే ప్లాస్టిక్ మడ్‌గార్డు క్లిప్పులు ఊడి ఉంటే అది గతుకుల్లో కొట్టుకుంటుంది, అచ్చం సస్పెన్షన్ సద్దులాగే ఉంటుంది. నల్లరేగడి పొలాల బాటలో తిరిగిన బండికి చక్రం లోపలి అంచున మట్టి పెళ్లగట్టి గట్టిపడుతుంది. దానివల్ల సద్దు కాదు, స్టీరింగ్ వణుకు. నీళ్లతో కడిగేస్తే పోతుంది. బ్రేక్ డిస్కుకూ వెనక రేకుకూ మధ్య చిన్న గులకరాయి ఇరుక్కుంటే కీచుమని గీరుతుంది. బండి రివర్సులో నాలుగడుగులు నడిపితే తరచుగా పడిపోతుంది.

ఇంకోటి. షెడ్డుల్లో బుష్షుల మీద కాలిన ఆయిలో, డీజిలో పూసి 'సద్దు పోయింది చూడండి' అంటారు. నాలుగు రోజులు పోతుంది నిజమే. ఆ తర్వాత రబ్బరు ఉబ్బి, మెత్తబడి, చీలిపోతుంది. బాగున్న బుష్షును చేజేతులా పాడుచేసుకున్నట్టు.


అనంతపురం_స్విఫ్ట్

అందరికీ చాలా థాంక్స్. చెప్పిన వరసలోనే చూశాను. ఏటవాలుగా దాటితే టక్‌మంది. ఎడమ లింకు రాడ్డు కింది టోపీ చిరిగి ఉంది, చక్రాలు రెండూ లేపి పట్టుకుంటే చేతికి వదులు తెలిసింది. రెండు లింకులూ తీసి వీధిలో పోతే టకటక మొత్తం పోయింది. బ్రేకు ఆనించినా సద్దులో తేడా రాలేదు కాబట్టి ప్యాడ్లు కావు.

హీట్ షీల్డు కూడా దొరికింది. ముందు బోల్టు దగ్గర రేకు తినేసి ఉంది. దారం 23 సెంటీమీటర్లు వచ్చింది. క్లాంపు తెచ్చుకోవాలి.

రెండు సందేహాలు. కుడి లింకు బాగానే ఉంది, ఒక్క ఎడమదే మార్చొచ్చా? బిగించేటప్పుడు జాగ్రత్తలేమన్నా ఉన్నాయా, మళ్లీ అలైన్‌మెంట్ కావాలా? డాష్‌బోర్డు టిక్‌టిక్ మాత్రం యాడ వస్తుందో పట్టుకోలేకపోతున్నా.


జవాబు: కర్నూలు_సస్పెన్షన్

జత మార్చండి. రెండూ ఒకే రోడ్డు మీద ఒకే దూరం తిరిగాయి, కుడిది ఆరు నెలల్లో ఇదే పాట పాడుతుంది. డబ్బుకు ఇబ్బందైతే ఇప్పటికి ఎడమదొక్కటే మార్చినా ప్రమాదం లేదు. కొనేముందు పాతదాన్ని తీసుకెళ్లి పక్కన పెట్టి పొడవు, బాల్ కాడలు తిరిగిన దిక్కు సరిచూసుకోండి. ఇదే స్విఫ్ట్ పేరుతో 2011లో వచ్చిన కొత్త మోడల్‌ది అంటగట్టే అవకాశముంది.

బిగించేటప్పుడు ముందు చక్రాలు రెండూ ఒకే ఎత్తులో ఉండాలి. ఒకవైపే జాకీ పెట్టి బిగించడానికి చూస్తే బార్ మెలిపడి ఉంటుంది, కాడ రంధ్రంలోకి రాదు. అప్పుడు సుత్తి తీసుకుని కొడతారు, కొత్త జాయింటు మొదటి రోజే దెబ్బతింటుంది. రెండు వైపులా లేపితే చేత్తోనే దూరుతుంది. కొత్త లింకుతో వచ్చిన కొత్త నట్లే వాడండి. అవి అదురుకు వదులు కాకుండా పట్టుకునే రకం, పాతవాటికి ఆ పట్టు పోయి ఉంటుంది. టోపీ మెలిపడకుండా కాడను ఆపి బిగించండి.

లింకు రాడ్డుకు అలైన్‌మెంట్‌తో సంబంధం లేదు. టై రాడ్ ఎండు గానీ, షాక్ అబ్జార్బర్ కింది రెండు బోల్టులు గానీ విప్పితేనే అలైన్‌మెంట్. లోయర్ ఆర్మ్ మార్చే రోజు వస్తే మాత్రం ఒకటి గుర్తుంచుకోండి. దాని బుష్షు బోల్టులు గాల్లో బిగించొద్దు. ముందు వదులుగా పెట్టి, చక్రాలు నేల మీదికి దించి, బండి బరువు పడ్డాకే చివరి బిగింపు. గాల్లో బిగిస్తే రబ్బరు ఆ భంగిమలో అతుక్కుంటుంది, బండి దించగానే మెలిపడిపోయి ఎప్పుడూ లాగబడే ఉంటుంది. కొత్త బుష్షు ఏడాదికే చీలిందంటే కారణం చాలావరకు ఇదే.

చక్రం నట్లు అడ్డదిడ్డంగా కాకుండా ఎదురెదురుగా బిగించి, టార్క్ పానా దొరికితే 85 న్యూటన్ మీటర్లకు పెట్టండి. 100 కిలోమీటర్లు తిరిగాక ఒకసారి చూసుకోండి.


జవాబు: నంద్యాల_ఇంటీరియర్

డాష్‌బోర్డు సంగతి నేను చెప్తా. ఎండలో వచ్చి సాయంత్రం పోతుందంటే స్క్రూ వదులు కంటే ప్లాస్టిక్ సాగడం అసలు కారణం. మన ఎండల్లో అద్దం వెనక ప్లాస్టిక్ బాగా కాగుతుంది. పక్కపక్కన ఉన్న రెండు ముక్కలు వేరువేరు కొలతలో సాగుతాయి. ఒకదాని అంచు ఇంకోదాని మీద పట్టి, జారి, పట్టి, జారి టిక్‌టిక్‌మంటుంది. పదిహేనేళ్ల బండికి లోపలి క్లిప్పులు కూడా ఎండి పెళుసెక్కి ఉంటాయి.

చోటు పట్టుకోవాలంటే ఇద్దరు కావాలి. ఒకరు నడపాలి, ఇంకొకరు ఎడమ సీట్లో కూర్చుని అరచేత్తో ఒక్కో చోట గట్టిగా నొక్కుతూ పోవాలి. మొదట గ్లవ్ బాక్సు మూత. తర్వాత ఎడమ ఏసీ వెంటు. ఆ తర్వాత అద్దం అంచు, చివరగా అద్దం పక్క స్తంభానికి ఉండే ప్లాస్టిక్ తొడుగు. నొక్కినప్పుడు ఆగితే అదే చోటు. అనుమానమున్న సందులో మడిచిన విజిటింగ్ కార్డు దూర్చి రెండు రోజులు తిరగండి. సద్దు రాకపోతే కార్డు తీసి సరైన వైద్యం చేయండి.

స్విఫ్ట్‌లో ముందు గ్లవ్ బాక్సు చూడండి. మూత ఆనుకునే రెండు చిన్న రబ్బరు గుండీలు ఎండిపోయో, ఊడిపోయో ఉంటాయి. మూత మూసి చేత్తో లోపలికి నొక్కితే కదులుతుందంటే వాటి చోట రెండు మిల్లీమీటర్ల ఫెల్ట్ (ఒత్తుగా అణిచిన మెత్తటి బట్ట) అంటించండి. టేపు ఎంపికలో చాలామంది పొరపాటు చేస్తారు. రెండు వైపులా అంటుకునే నురగ టేపు మన ఎండకు రెండు నెలల్లో పిండిలా రాలి బంక మిగులుస్తుంది. నలుపు ఫెల్ట్ టేపు, వైర్లకు చుట్టే బట్ట టేపు నిలబడతాయి. అంటించే ముందు ప్లాస్టిక్‌ను స్పిరిట్‌తో తుడిచి ఆరనివ్వండి. డాష్‌బోర్డు పాలిష్ జిడ్డు మీద ఏ టేపూ నిలవదు.

టేపు దూరనంత సన్న సందైతే సిలికాన్ స్ప్రే. నేరుగా కొట్టకుండా చెవిపుల్ల మీద తీసుకుని అంచు పొడవునా రాయండి, లేకపోతే అద్దం మీద పడి జిడ్డు మరక అవుతుంది. తుప్పు వదిలించే స్ప్రే ప్లాస్టిక్‌కు వాడొద్దు. రెండు రోజులు సద్దు పోయి, దుమ్ము పట్టుకుని మళ్లీ మొదలవుతుంది.

తొడుగు పీకాల్సి వస్తే చలి పొద్దున, మరీ మండే మధ్యాహ్నం రెండూ వద్దు. సాయంత్రం గోరువెచ్చగా ఉన్నప్పుడు ప్లాస్టిక్ కొంచెం వంగుతుంది, విరగదు. స్క్రూ డ్రైవర్‌తో కాకుండా ప్లాస్టిక్ పట్టీతో, క్లిప్పు ఉన్న చోటనే లాగండి. పది క్లిప్పులు ముందే తెచ్చిపెట్టుకోండి, మూడు నాలుగు విరుగుతాయి. మీ బండికి ఎయిర్‌బ్యాగులుంటే ఎడమవైపు డాష్‌బోర్డు పైన దాని మూత గీత కనిపిస్తుంది. ఆ గీత మీద టేపు అంటించొద్దు, దాని లోపల ఫెల్ట్ కుక్కొద్దు. పసుపు రంగు కనెక్టర్లు (ఎయిర్‌బ్యాగు వైర్లవి) కనిపిస్తే వాటి జోలికి పోకుండా అక్కడితో ఆపేయండి.

ఎడమ మూల అన్నారు కాబట్టి ఒకటి బయటి నుంచి కూడా చూడండి. బానెట్ తెరిచి, వైపర్ల కింద నల్ల ప్లాస్టిక్ పట్టీ ఎడమ చివర వేలితో ఎత్తి చూడండి. అది అద్దం అంచు నుంచి లేచి ఉంటే ఎండకు సాగి అద్దానికి కొట్టుకుంటుంది, లోపల కూర్చుంటే డాష్‌బోర్డులోంచే వచ్చినట్టుంటుంది. దానికి రెండు క్లిప్పులు మారిస్తే లోపల ఏమీ విప్పక్కర్లేదు.


అనంతపురం_స్విఫ్ట్

వైపర్ల కింద పట్టీయే. ఎడమ చివర రెండు క్లిప్పులు లేవు, మూడోది సగం విరిగింది. వేలితో నొక్కిపట్టి ఎండలో బండి ఊపించి చూశా, టిక్‌టిక్ లేదు. క్లిప్పులు, లింకు రాడ్ల జత, 65 నుంచి 85 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ క్లాంపు ఒకటి రాసుకున్నా. ఆదివారం పొద్దున పెడతా. ర్యాక్ వద్దని షెడ్డుకు చెప్పేశాను.